హద్దురాయికి పైన దొరికినవి

ఆషాఢ శుద్ధ విదియ

వాన తెరిపిచ్చింది. వాగు రాత్రంతా ఒడ్డు కోసుకుంటూ పారి, తెల్లారేసరికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు నెమ్మదించింది. ఇంకేముంది, గంపలు, గిన్నెలు, కొంగుల్లో మూటలు పట్టుకుని జనం నా బల్ల ముందు చేరారు. మా మెట్టమీద ఇదే వరస. వాన వెలిస్తే వాగులో దిగి సొర పళ్ళూ గుల్లలూ ఏరడం, తెచ్చి నా ముందు కుమ్మరించడం. నేను చూసి "పాత సముద్రమే" అంటాను. వాళ్ళు ఊపిరి పీల్చుకుని ఇళ్ళకి పోతారు. నా ఉద్యోగం మొత్తం ఆ రెండు మాటలే. "కొత్త సముద్రం" అనే ఇంకో రెండు మాటలు కూడా నా ఉద్యోగంలో ఉన్నాయి గానీ, ఈ ఊళ్ళో ఇంతవరకు వాటితో పని పడలేదు.

ఈరోజు వచ్చినవాటిలో గోరంత సొర పళ్ళు చాలా ఉన్నాయి. అన్నీ నల్లవే. మరమేకులా మెలితిరిగి, లోపలంతా రాయి నిండిపోయిన గుల్లలు గంపెడు. ఒక ఆల్చిప్ప అయితే సన్నికల్లంత బరువుంది. కొన్ని కోట్ల ఏళ్ళ కిందట ఈ మెట్ట కూడా సముద్రమే. ఆ అడుగుని వాగు ఇప్పుడు కోసి బయటపెడుతోంది. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. నిజమే చెబుతున్నాను, ఇంత చాకిరీలోనూ ఆ సంతోషం తగ్గలేదు.

నన్నిక్కడ పనిలో పెట్టిన ఆఫీసువాళ్ళు నాకొక అద్దం ఇచ్చారు. దాని కింద ఏది పెట్టినా పేరు చెబుతుంది. పేర్లన్నీ దానికి కంఠస్థం. కానీ నిరుడు చచ్చిన సొర పన్నయినా, మనుషులు పుట్టకముందు చచ్చిన సొర పన్నయినా దానికి ఒకటే. వయసు తేల్చడానికి నేనూ నా సూదీ కావాలి. సూదిని ఎర్రగా కాల్చి పన్ను వేరుకి తాకిస్తాను. కొత్తదైతే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. పాతది రాయైపోయి ఉంటుంది కనక ఏ వాసనా రాదు. ఊళ్ళో అందరూ నన్ను పళ్ళ డాక్టరమ్మ అంటారు. ఒకాయన నిజంగానే దవడ వాచి వచ్చాడు ఒకసారి. లవంగం పెట్టి పంపించాను.

ఆషాఢ శుద్ధ చవితి

నాట్ల పెద్ద అబ్బులుగారు, వాగునుంచి ఊరికి నీళ్ళు తోడే మోటారు మూతి దగ్గర చెత్త తీయిస్తుంటే ఒక పన్ను దొరికిందట. తడి లుంగీతోనే వచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇదిగోండి డాక్టరమ్మగారూ, మీ చుట్టం. మిగతావాటి కంటే కాస్త తెల్లగా ఉందేంటండి ఇది? జబ్బు చేసిందేమో చూడండి."

అద్దం పులిసొర అంది. కోడిజుట్టులా ఒకవైపు వంగి, అంచంతా రంపపు పళ్ళు. రంగు తేనెలా ఉంది. రంగుకేముంది, పడి ఉన్న మట్టిని బట్టి మారుతుంది. సూది కాల్చాను. వేరుకి తాకించాను.

వెంట్రుకలు కాలిన కంపు.

నా జుట్టే దీపానికి తగిలిందేమోనని తడుముకున్నాను. మళ్ళీ కాల్చాను. మళ్ళీ అదే కంపు. అబ్బులుగారు నా మొహమే చూస్తున్నాడు.

"ఎక్కడ దొరికిందన్నారు?"

"మోటారు మూతి దగ్గరండి. హద్దురాయికి బాగా పైనే."

"రేపు చెప్తాను," అన్నాను.

"ఎప్పుడూ అప్పటికప్పుడే చెప్తారు కదండీ," అన్నాడు. ఆయన పన్ను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

రూలు చిన్నదే. సముద్రపు పోటు ఇంతవరకే రావాలని వాగు ఒడ్డున పాతిన హద్దురాయికి దిగువన ఏం దొరికినా ఫరవాలేదు. పైన కొత్త సముద్రపు వస్తువు ఒకటి దొరికితే సముద్రం అంతదాకా ఎక్కి వచ్చిందని అర్థం, ఊరు లేవాలి. లేవడం అంటే మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇళ్ళ మరలు విప్పి, గోడలు మడిచి, ఆఫీసువాళ్ళ ఎగిరే పడవలు వచ్చేసరికి సామానంతా సర్దుకుని నిలబడటం. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది మూడుసార్లు లేచారు. నేను కూడా. మూడోసారి లేచినప్పుడు, ఇంకోసారి నావల్ల కాదని మా చెల్లెలితో గట్టిగానే అన్నాను.

ఆషాఢ శుద్ధ సప్తమి

ఆఫీసుకి కబురు పెట్టక తప్పలేదు. ఆఫీసు తరఫున పలికే గోడలో గొంతు ఎప్పటిలాగే చల్లగా ఉంది. పౌర్ణమిలోపు ఏదో ఒకటి ఖాయం చేయమంది. ఖాయమైతే పడవలు పంపుతారట. ఇంకోచోట కొత్త మెట్ట సిద్ధంగా ఉందట. మెట్టలు వాళ్ళకెప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

అబ్బులుగారికి చెప్పాను. ఆయన అరుగుమీద కూలబడ్డాడు.

"నీళ్ళు తియ్యగానే ఉన్నాయి కదండీ? పొద్దున కూడా తాగాను."

"వానాకాలం పైనీళ్ళు తియ్యగానే ఉంటాయి. ఉప్పునీళ్ళు బరువు. పోటు వచ్చినప్పుడు అడుగునుంచి పాకుతూ వస్తాయి. నాలిక్కి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే కదా పళ్ళూ గుల్లలూ చూసేది."

"మరి నారు?"

మనం తాగే నీళ్ళతో పండే తీపి వరి ఈ మెట్టమీద ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఉప్పు వరి తిన్నాం. ఉడికించినా పలుకు పోదు, కూర ఏదైనా గంజి రుచే. విత్తనాలకోసం అబ్బులుగారు ఎన్ని ఊళ్ళు తిరిగాడో నాకు తెలుసు. ఆకుమడి ఇప్పుడు జానెడు లేచి, గాలికి ఊగుతోంది. ఆడవాళ్ళు నీళ్ళకి వెళ్తూ దాని పక్కన ఊరికే ఆగుతారు.

"పౌర్ణమి దాటితే ముదిరిపోద్దండి. ముదురు నారు నాటినా ఒకటే, పారేసినా ఒకటే. పిలక వెయ్యదు," అన్నాడు. "లేవాల్సొస్తే ఇప్పుడే చెప్పండి. మడి మడిగా మట్టితో కోసుకుని పళ్ళేల్లో పెట్టి తీసుకుపోతాం. ఒకసారి పొలంలోకి దిగిందా, ఇంక అది మనతో రాదు. లేవక్కర్లేదంటే అదీ చెప్పండి, రేపే దింపుతాం. ఈ మధ్యలో ఉంచి చంపకండి."

ఆయన అడిగింది న్యాయమే. అయినా నాకు కోపం వచ్చింది. సముద్రాన్ని నేనే పిలిచినట్టు మాట్లాడతాడేమిటి!

ఆషాఢ శుద్ధ నవమి

మధ్యాహ్నం మళ్ళీ వాన. సాయంత్రానికి మోటారు మూతికి కాస్త పైన, మలుపులో, నాలుగు గుల్లలు దొరికాయి. అరచేతిలో పట్టే గీతల గుల్లలు. తేలిగ్గా ఉన్నాయి. లోపలివైపు ఊదారంగు ఇంకా మెరుస్తోంది. వీటికి సూది కూడా అక్కర్లేదు. రాయి నిండిన గుల్ల పక్కన పెడితే గుడ్డివాడికైనా తేడా తెలుస్తుంది.

ఊళ్ళో మాట పాకిపోయింది. ఇద్దరు ముగ్గురు అప్పుడే ఇంటి మరలకి నూనె పెట్టడం మొదలెట్టారు. తుప్పు పట్టి ఉంటే చివరి నిమిషంలో కదలవని అందరికీ అనుభవమే. ఆ కిర్రు కిర్రు శబ్దం నా బల్ల దాకా వినిపిస్తోంది. నేను కూడా నా సూదులు గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. మళ్ళీ విప్పి బల్లమీద పెట్టాను.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

ఆఫీసుకి పంపడానికి పులిసొర పన్ను బొమ్మ గీస్తున్నాను. ఫొటోలు వాళ్ళకి ఎటూ వెళ్తాయి, కానీ గీస్తే కన్ను ఊరికే ఉండదు. వేరు దగ్గరికి వచ్చాక పెన్సిలు ఆగింది.

సొర పన్ను వేరుమీద ఒక గాడి ఉంటుంది. నరం పోయే దారి. అది నిలువుగా ఉంటుంది, మొనవైపుకి. ఈ పన్నుకీ గాడి ఉంది. మొదటిరోజే చూశాను, "వేరు గాడి స్పష్టం" అని రాసేశాను కూడా. ఇప్పుడు గీస్తుంటే తెలిసింది, ఇది అడ్డంగా ఉంది. వేరు చుట్టూ తిరిగి వెనకవైపుకి కూడా వెళ్ళింది. భూతద్దం కింద నున్నగా, మెరుస్తూ కనిపించింది. నరం ఇలాంటి పని చెయ్యదు. ఏదో ఏళ్ళ తరబడి చుట్టుకుని రాసుకుంటే అరిగిన గాడి ఇది.

దారం!

నన్ను నేను నాలుగు తిట్టుకున్నాను. కంపు పీల్చిన ముక్కుకి పొగరెక్కి కళ్ళు పని మానేశాయి. సొర పన్నుని దారానికి కట్టుకునేవాళ్ళుంటే సముద్రం ఎరిగినవాళ్ళే అయుండాలని, చెప్పులేసుకుని రేవుపేటకి బయలుదేరాను. వెనకటి రేవుల నుంచి లేచివచ్చిన చేపల వేటగాళ్ళంతా మెట్టకి పడమటి చివర ఒక వరసలో ఉంటారు. ఇప్పుడు వేట లేదు, అందరూ చెరువుల్లో చేపలు పెంచుతున్నారు. కుళాయి దగ్గర మగవాళ్ళు గోచీలతో స్నానాలు చేస్తున్నారు. ఒక్కొక్కరి మొలతాడుకీ ఒక పన్ను కట్టి ఉంది. ఇన్నేళ్ళూ ఇదే ఊళ్ళో ఉండి, సొర పళ్ళు చూడటమే పనిగా పెట్టుకుని, నేను వీటిని ఎప్పుడూ చూడలేదు. అయినా మగవాళ్ళ మొలతాళ్ళు చూస్తూ తిరగడం నా ఉద్యోగం కాదు కదా.

ఒక ముసలాయన తువ్వాలు గబుక్కున చుట్టుకుని, "ఏం కావాలండి డాక్టరమ్మగారూ?" అన్నాడు.

"ఆ పన్ను ఎందుకు కట్టుకుంటారు?"

"మొదటిసారి వేటకెళ్ళినప్పుడు కడతారండి. సముద్రం సొమ్ము సముద్రం దగ్గర అరువు తెచ్చుకున్నట్టన్నమాట. మనిషి పోయాక మళ్ళీ ఆ సముద్రపు తల్లికిచ్చెయ్యాలండి."

"ఈమధ్య ఎవరైనా పోయారా?"

ఆయన తల తుడుచుకోవడం ఆపాడు. "మన లోవరాజు పోయాడు కదండి, జ్యేష్ఠంలో," అన్నాడు.

ఆషాఢ శుద్ధ త్రయోదశి

లోవరాజు భార్య నూకాలు నన్ను చూడగానే పీట వాల్చింది. నేనేమీ అడగకముందే ఆమె కళ్ళు నా చేతిలోని డబ్బీ మీద పడ్డాయి. మూత తీశాను. ఆమె ముట్టుకోలేదు.

"ఎక్కడ దొరికిందండి?"

"మోటారు మూతి దగ్గర."

"అక్కడే ఆగిపోయాడా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతా తనే చెప్పింది. "సముద్రం దాకా పోదామనే అనుకున్నానండి. వానాకాలం హద్దురాయి దాటనివ్వరు కదా. నా మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి. వాగు ఎలాగూ సముద్రంలోకే కదండి పోద్ది. అందుకని ఆయన పన్ను, పాత రేవునుంచి తెచ్చుకున్న గుల్లలు నాలుగు బరువుకి వేసి, గుడ్డలో మూటకట్టి పై మలుపులో వదిలేశాను. తాగే నీళ్ళలో ఏమీ వెయ్యకూడదని తెలుసండి. తెలిసే వేశాను. ఆయన పోయేటప్పుడు అదొక్కటే అడిగాడు."

"నీ మూట వల్ల ఊరు లేవబోయింది నూకాలూ."

"ఎవరో చెబితే విన్నానండి. రోజూ మీ దగ్గరికొద్దామని బయలుదేరేదాన్ని, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేదాన్ని. నన్ను పంపేస్తారేమోనని భయమేసింది. నాకిక్కడ తప్ప ఇంకెవరున్నారండి?"

నాకు కోపం రావాలి. రాలేదు. మా అమ్మ చివరికోరిక కూడా తీర్చలేకపోయినదాన్ని నేను, ఇంకొకరిని ఏమంటాను?

అబ్బులుగారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాం. నూకాలే అంతా చెప్పింది. ఆయన విన్నాడు, తల పట్టుకున్నాడు, తర్వాత పెద్దగా నవ్వేశాడు.

"ఏం శిక్ష వేస్తారండి నాకు?" అంది నూకాలు.

"శిక్షేంటమ్మా బాబూ, ముందు ఎవరైనా ఈవిడకి కాఫీ ఇవ్వండి! వారం నుంచి అన్నం సయించడం లేదు నాకు. పౌర్ణమినాడు నాట్లు. నువ్వు కూడా రావాలి. వంగలేకపోతే గట్టుమీద కూచుని పాట పాడు."

ఆఫీసుకి రాసేశాను: దొరికినవన్నీ మనుషులు వేసినవే, ఊరు లేవక్కర్లేదు. రూలు ప్రకారం పన్ను డబ్బాలో పెట్టి పైకి పంపాలి. బొమ్మ పంపాను. పన్ను మాత్రం నూకాలు చేతిలో పెట్టి, పౌర్ణమి పొద్దున నేనే సముద్రం దాకా తీసుకెళ్తానని మాటిచ్చాను. హద్దురాయి దాటడానికి నాకు అనుమతి ఉంది, వెంట ఒకరిని తీసుకెళ్ళొచ్చు. ఈరోజు హాయిగా నిద్రపట్టేలా ఉంది.

ఆషాఢ పౌర్ణమి

ఇది పొలం గట్టుమీద కూర్చుని రాస్తున్నాను. చేతులకి బురద అయింది.

తెల్లవారగానే బయలుదేరాం. ఆకుమడి దగ్గర అప్పటికే సందడి. ఆడవాళ్ళు నారు పీకి కట్టలు కడుతున్నారు. నీళ్ళు పెట్టి దమ్ము చేసిన చేను అద్దంలా ఉంది. "త్వరగా వచ్చేయండి, మీ వంతు వరస ఉంచుతాం," అని అబ్బులుగారు కేకేశాడు.

వాగు వెంబడి దిగాం. నూకాలు కర్ర పోటేసుకుని నెమ్మదిగా నడుస్తోంది. దారిపొడుగునా లోవరాజు కబుర్లే. ఆయన ఈత రాకుండానే వేటకి వెళ్ళాడట, ఆ సంగతి పెళ్ళయిన చాలా ఏళ్ళకి గానీ చెప్పలేదట. ఇద్దరం నవ్వుకున్నాం.

మోటారు మూతికీ హద్దురాయికీ నడుమ వెనకటి రోడ్డు తాలూకు తూము ఒకటుంది. రోడ్డు పోయింది, తూము గోడలు మిగిలాయి. ఎప్పుడు చూసినా నడుం దాకా నీళ్ళలో ఉంటుంది. ఈరోజు అడుగు కనిపిస్తోంది. వాన నీళ్ళతో నిండుగా పారాల్సిన వాగు ఇలా దిగిపోయిందేమిటని అనుకుంటూనే ఉన్నాను. బురదలో కాలు జారి నూకాలు గోడ పట్టుకుంది. వెంటనే "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. అరచెయ్యి చారలు చారలుగా చీరుకుపోయి నెత్తురు వస్తోంది.

నేను కొంగు చింపి కట్టబోయాను. ఆమె చెయ్యి నాకివ్వలేదు. గోడ దగ్గరికి మళ్ళీ వంగింది.

"ఇది నాచు కాదండి," అంది.

నీళ్ళు దిగిపోయిన మేరంతా గోడకి తెల్లటి చిన్న చిన్న గుల్లలు అతుక్కుని ఉన్నాయి. ఒకదానిమీద ఒకటి, గోరంతవి, కొన్ని ఇంకా పెద్దవి. నూకాలు వాటిని ఎడంచేత్తో తడిమింది.

"పడవ అడుగున పట్టేవి కదండీ ఇవి. ఏడాదికోసారి ఆయనా నేనూ కూచుని గోకేవాళ్ళం. ఉప్పునీళ్ళలో తప్ప బతకవండి."

అక్కడే రాయిమీద కూర్చున్నాను. నీళ్ళు ఎందుకు దిగాయో అప్పుడు అర్థమైంది. పౌర్ణమి పాటు. సముద్రం వెనక్కి పోతే వాగు కూడా దిగుతోందంటే, సముద్రం ముందుకి వచ్చినప్పుడు వాగు కూడా లేస్తోందన్నమాట. హద్దురాయిని దాటి ఎప్పుడొచ్చిందో! ఇంత పెరగాలంటే ఈ నెలలోనో ఆ నెలలోనో కాదు. ఊరంతా ప్రతి వానకీ వాగు జల్లెడ పట్టింది. ఏరినదంతా నేను చూశాను. కానీ ఏరడానికి వచ్చేవి విడిగా ఉన్నవే. గోడకి అతుక్కున్నదాన్ని గంపలో వేసుకుని ఎవరు తెస్తారు? తెచ్చిన గంపలు చూసుకుని మురిసిపోయానే గానీ, గంపల్లోకి రానివి ఏమున్నాయని ఏనాడూ వాగులోకి దిగి చూడలేదు.

ఒక ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు. ఈ తూము దగ్గరికి ఎవరూ రారు. వానలు తగ్గేదాకా పైనీళ్ళు తియ్యగానే ఉంటాయి. ఒక్క పంట చేతికొస్తుంది. ఒక్కసారి అందరూ ఆ అన్నం తింటారు.

నూకాలు నా మొహం చదివేసినట్టుంది.

"మోటారు అడుగునీళ్ళే కదండి తోడేది," అంది. "పసిపిల్లలున్నారు." తర్వాత ఇంకో మాట అంది. "నారు పొలంలోకి దింపేస్తే ఇంక రాదని కదండి అబ్బులుగారన్నది? మీరు పరిగెత్తండి. నేను నెమ్మదిగా వస్తాను."

"మరి లోవరాజు పన్ను?"

కొంగుముడి విప్పి, పన్ను తీసి, తూము కింద నీళ్ళలో వదిలేసింది. "ఇదీ సముద్రమే కదండి," అంది. అని బావురుమంది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. తర్వాత గుల్లలు అతుక్కున్న పెచ్చు ఒకటి గోడనుంచి ఊడదీసి, నీళ్ళతో సహా నా సీసాలో వేసుకుని పరిగెత్తాను. ఈ వయసులో అంత పరుగు నాకుందని నాకే తెలియదు.

చేలో అప్పటికే మొదటి వరస నాటేశారు. పాట సాగుతోంది. అబ్బులుగారు కట్టలు విసురుతున్నాడు. నన్ను చూసి నవ్వబోయి ఆగాడు. సీసా చేతికిచ్చాను. ఆయన ఎండకి ఎత్తి చూశాడు.

"ఇది కూడా ఎవరో వేసిందే అనండి," అన్నాడు.

"కాదండి. వేస్తే అతుక్కోవు."

"పాతవేమో. రాయై ఉంటాయి. సూది పెట్టి చూడండి."

"సూది అక్కర్లేదు. కాసేపు కదపకుండా పట్టుకోండి."

పట్టుకున్నాడు. ఆడవాళ్ళు నారు చేత్తో పట్టుకునే చుట్టూ మూగారు. నీళ్ళు తేరుకున్నాక, తెల్ల గుల్లల్లో ఒకటి నోరు తెరిచింది. ఈకలాంటి చిన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి, నీళ్ళని లోపలికి తోడుకుని, మళ్ళీ ముడుచుకుంది. తర్వాత పక్కది. తర్వాత అన్నీ. ఒకామె "బతికే ఉన్నాయి పాపం," అంది.

అబ్బులుగారు సీసాని గట్టుమీద జాగ్రత్తగా దింపాడు. మొహం తుడుచుకున్నాడు. గట్టిగా కేకేశాడు.

"ఇంక దించకండే. కట్టలు కట్టినవి మళ్ళీ నీళ్ళల్లో నిలబెట్టండి. పీకనిది మట్టితో కోద్దాం. ఇంటింటికీ ఎన్ని పళ్ళేలున్నాయో అన్నీ తీసుకురండి. గిన్నెలు, గంపలు, ఏదైనా సరే."

కిందటిసారి లేచినప్పుడు ఏడ్చినట్టు ఈసారి ఎవరూ ఏడవలేదు. చేతినిండా పనుంది. నేను కూడా ఆకుమడిలో దిగి మట్టి కోశాను. నూకాలు వచ్చి గట్టుమీద కూర్చుని, కట్టుకట్టిన చేత్తోనే పళ్ళేలకి తడిగుడ్డలు కప్పింది. ఆఫీసుకి కబురు పెట్టాను. కొత్త మెట్ట సిద్ధంగా ఉందని గోడ చెప్పింది.

నాటేసిన ఆ ఒక్క వరసా చేలో అలాగే ఉంది. వేళ్ళు ఇంకా పట్టి ఉండవు, పీకేసి తెచ్చేద్దామా అని ఒకామె అడిగింది.

అబ్బులుగారు చేతిలో పళ్ళెం గట్టుమీద పెట్టాడు.

"ఉండనియ్యే," అన్నాడు. "వేసిన చోట దాన్నైనా ఉండనియ్యి."